వబా రోజుల్లో ఒక్క మిషను

మా మస్జిద్ వరండాలో, చెప్పుల అల్మారా పక్కన, ఒక ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ ఉంది. పాత చాదర్ ఒకటి కప్పి ఉంచాం. జుమ్మాకి వచ్చే పిల్లలు దాన్ని ఎయిర్ కూలర్ అనుకుంటారు. మొన్న వేసవిలో ఒక బుడ్డోడు నా లాల్చీ పట్టుకుని, "చాచా, అది ఆన్ చెయ్యండి, ఉక్కపోస్తోంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ రోజు ఖుత్బా మీద నా మనసు నిలవలేదు.

ఆ మిషను మా ఊరికి 2021 మే నెలలో వచ్చింది. రంజాన్ ఆఖరి అష్రా నడుస్తోంది. ఆ రోజులు మీకు గుర్తుచేయనక్కర్లేదు. మీ ఖాందాన్‌లోనూ ఎవరో ఒకరి మయ్యత్ ఆ నెలలో లేచే ఉంటుంది. అప్పటికి మనది ఇంకా తూర్పు గోదావరి జిల్లాయే, కోనసీమ వేరే జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో. రాష్ట్రం మొత్తం మీద ఎక్కువ కేసులు నమోదైన జిల్లా మనదే. అమలాపురంలో పడకలు నిండిపోతే కాకినాడ పోవాలి, అరవై కిలోమీటర్ల పైచిలుకు. లేదా రావులపాలెం మీదుగా రాజమండ్రి. అటు గౌతమి, ఇటు వసిష్ఠ, మధ్యలో వైనతేయ, దిగువన సముద్రం. 2002లో యానాం-ఎదుర్లంక వంతెన రాకముందు కాకినాడ పోవాలంటే పంటు ఎక్కి గోదావరి దాటాల్సిందే. మా దాదీకి జబ్బు చేసినప్పుడు నులక మంచంతో సహా పంటు మీద దాటించామని మా అబ్బా చెప్పేవారు. ఆ రోజు పంటు నిండిపోయి ఉంటే ఎవరో ఒకాయన దిగి మంచానికి చోటిచ్చాడట. ఆయన పేరు మా అబ్బాకి తెలియదు. చనిపోయేదాకా ఆయన కోసం దువా చేసేవారు.

మిషను సంగతికొస్తాను. కువైట్‌లో, ఖతర్‌లో ఉన్న మా ఊరి కుర్రాళ్ళు చందాలు వేసుకుని కొని పంపారు. మామూలు రోజుల్లో ఉన్న ధరకి రెండింతలు పైనే అయింది. నిమిషానికి అయిదు లీటర్ల మిషను. దానితో ప్రాణం పోసేయలేం. ఆక్సిజన్ 90కీ 94కీ మధ్య ఊగిసలాడే మనిషికి ఆసరా అవుతుంది, ఆసుపత్రిలో పడక దొరికేదాకా నిలబెడుతుంది, అంతే. దాని జిమ్మేదారీ కమిటీ నాకు అప్పజెప్పింది. నా ఫోన్ నంబర్ అందరికీ పంపారు. మజహబ్ ఏదైనా సరే, ఎవరికి కావాలంటే వాళ్ళకి అని మైకులో కూడా చెప్పాం. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత, ఎన్ని రోజులు, తిరిగి ఎప్పుడివ్వాలి అన్నది మాత్రం ఎవరం మాట్లాడుకోలేదు. మంచి పని చేస్తున్నాం కదా, అల్లా చూసుకుంటాడు అనుకున్నాం.

మొదట అది మా ఖాలా ఇంటికి వెళ్ళింది. ఖాలూకి 89 చూపించింది, పడక లేదు, ఇచ్చాను. అందులో తప్పు లేదు. నాలుగో రోజుకి ఆయన మిషను తీసేసినా 95, 96 నిలబడుతోంది. తిరిగి తెచ్చేద్దామని వెళ్తే ఖాలా నా చెయ్యి పట్టుకుంది. "బేటా, ఇంకో రెండు రోజులు ఉండనియ్. మళ్ళీ పడిపోతే ఎక్కడ తెస్తాం?" అంది. ఉండనిచ్చాను.

ఆ రాత్రే తరావీహ్ ఇంట్లో చదువుకుని లేస్తుంటే ఫోన్ వచ్చింది. మా తోటల్లో కొబ్బరి దింపు తీసే మనిషి భార్య. "ఆయ్, బాయ్‌గారండీ, మీ మసీదులో గాలి మిషనుందంట కదండీ. మా ఆయనకి తొంభై చూపిస్తందండి. ఒక్క రాత్రికి ఇప్పించండి, పొద్దున్నే పట్టుకొచ్చేత్తాం" అంది. నేను, "ఖాళీగా లేదమ్మా, వాడకంలో ఉంది" అన్నాను. చూడండి, ఆ మాటలో అబద్ధం లేదు. ఖాలా ఇంట్లో మిషను తిరుగుతూనే ఉంది. నా జమీర్‌కి మాత్రం అది అబద్ధమని ఆ క్షణమే తెలుసు.

ఇది చరిత్ర వ్యాసమే. నా సొంత గోల ముందు పెట్టడానికి కారణం, ఆ రాత్రి తర్వాతే నేను ఈ చరిత్ర అంతా వెతుక్కుంటూ చదివాను. అంతకుముందు వబా గురించి నాకు తెలిసిందల్లా 2020 లాక్‌డౌన్‌లో అందరం వాట్సాప్‌లో పంపుకున్న హదీసే. వబా ఉన్న చోటికి వెళ్ళొద్దు, ఉన్న చోటు నుంచి పారిపోవద్దు. దాంతో పాటు హజ్రత్ ఉమర్ (రజి) షామ్ పొలిమేరలో సర్గ్ దాకా వెళ్ళి వెనక్కి తిరిగిన కిస్సా. అక్కడితో ఆపేస్తాం. ఆ తర్వాత వచ్చిన ఖత్ సంగతి మన బయానుల్లో తక్కువ వినిపిస్తుంది. నాకు కావలసింది ఆ ఖత్‌లోనే దొరికింది.

హిజ్రీ 18, అంటే క్రీ.శ. 639. అమ్వాస్ అనేది పాలస్తీనాలో ఒక ఊరు. అక్కడ మొదలైన తాఊన్ షామ్ అంతా పాకింది. లష్కర్‌లో పాతిక వేల మంది పోయారని పాత తారీఖుల్లో రాశారు. ఆ లష్కర్‌కి సర్దార్ అబూ ఉబైదా (రజి). ప్రవక్త (స) ఆయన్ని ఈ ఉమ్మత్‌కి అమీన్ అన్నారు, నమ్మి అప్పగించదగిన మనిషి అని. ఉమర్ మదీనా నుంచి ఆయనకి ఖత్ రాశారు. నీతో ఒక జరూరీ పని పడింది, నువ్వు లేకుండా కాదు, ఇది చదివిన వెంటనే బయల్దేరు అని అందులోని భావం. పని ఏమిటో రాయలేదు. అబూ ఉబైదా చదివి అర్థం చేసుకున్నారు. అమీరుల్ మోమినీన్ నన్ను బతికించుకోవాలని చూస్తున్నారు అని. జవాబు రాశారు. నేను ముస్లింల లష్కర్‌లో ఒకణ్ణి, వాళ్ళకంటే నా ప్రాణాన్ని ఎక్కువ చేసుకోలేను, ఈ హుకుం నుంచి నన్ను వదిలేయండి అని. ఉమర్ అది చదివి ఏడ్చారు. చుట్టూ ఉన్నవాళ్ళు అబూ ఉబైదా ఇంతెకాల్ అయ్యారా అని అడిగారు. ఇంకా కాలేదు, అయినట్టే అన్నారట. తర్వాత రెండో ఖత్ వెళ్ళింది. ఈసారి అందులో అడిగింది ఒక్క మనిషిని కాదు. లష్కర్ మొత్తాన్ని పల్లపు నేల నుంచి గాలి ఆడే మెరక ప్రాంతానికి తరలించమని. అబూ ఉబైదా ఆ వబాలోనే పోయారు. ఆయన తర్వాత బాధ్యత తీసుకున్న ముఆజ్ బిన్ జబల్ (రజి) కూడా పోయారు. జనాన్ని కొండల్లోకి చెదరగొట్టి నిలబెట్టినవారు ఆ తర్వాత వచ్చిన అమ్ర్ బిన్ అల్ ఆస్ (రజి).

మొదటి ఖత్‌ని మనం సిఫారిష్ అనుకోవచ్చా? చాలా రోజులు ఆలోచించాను. ఉమర్ తన చుట్టాన్ని పిలవలేదు. సల్తనత్‌కి అబూ ఉబైదా లాంటి మనిషి ఇంకొకడు లేడు, ఆయన బతికితే వేల మందికి మేలు అన్న లెక్క ఉంది. ఈ లెక్కకి ఈరోజుక్కూడా విలువుంది. 2021 జనవరి 16న మన దేశంలో టీకాలు మొదలైనప్పుడు ముందు డాక్టర్లకి, నర్సులకి, ఆశా కార్యకర్తలకి, పారిశుధ్య కార్మికులకి వేశారు. వాళ్ళు పడిపోతే మిగతావాళ్ళని చూసేవాళ్ళే ఉండరు గనక. అబూ ఉబైదా ఆ లెక్క తప్పనలేదు. తన విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. తన వంతు తాను వదులుకునే హక్కు ఆయనకుంది. ఇంకొకరి వంతు వదిలించే హక్కు మనకి లేదు. నేను చేసింది ఆ రెండోదే.

అదే హిజ్రీ 18లో హిజాజ్‌లో కరువు కూడా వచ్చింది. గాలికి మట్టి బూడిదలా లేచిందని దాన్ని ఆముల్ రమాదా, బూడిద ఏడాది, అన్నారు. జనానికి దొరికేదాకా నెయ్యి ముట్టనని ఉమర్ కసమ్ వేసుకుని నూనెతోనే రొట్టె తిన్నారని, ఒంటి రంగు మారిపోయిందని రాశారు. ఆ ఉమరే బైతుల్ మాల్ సొమ్ము పంచేటప్పుడు ఒక పెద్ద చర్చ తెచ్చారు. అంతకుముందు అబూబకర్ (రజి) అందరికీ సమానంగా పంచారు. ముందు ఇస్లాం తీసుకున్నవాళ్ళకి ఎక్కువ ఇవ్వరా అని అడిగితే, వాళ్ళ గొప్పతనానికి అజర్ అల్లా దగ్గర ఉంది, ఇది బతుకుతెరువు, ఇందులో మసావాతే మేలు అన్నారు. ఉమర్ ఒప్పుకోలేదు. దీవాన్ అనే రిజిస్టరు పెట్టి మర్తబా ప్రకారం రాయించారు. బదర్‌లో పాల్గొన్నవాళ్ళకి ఇంత, తర్వాత వచ్చినవాళ్ళకి ఇంత. చివరి రోజుల్లో, బతికుంటే అందరినీ సమానం చేస్తానని అన్నట్టు ఇమామ్ అబూ యూసుఫ్ కితాబుల్ ఖరాజ్‌లో ఉంది. ఇద్దరు ఖలీఫాలు, రెండు పద్ధతులు. మన పెద్దలు ఇద్దరినీ గౌరవించారు. నాకు అబూబకర్ మాటే నిలిచింది. చందా ఎక్కువ ఇచ్చిన ఇంటికి ఊపిరి కూడా ముందు అందాలా? మా ఊళ్ళో ఆ మాట పైకి ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం కూడా రాలేదు, ఎందుకంటే మిషను ముందు మావాళ్ళింటికే వెళ్ళింది.

ఇక ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం. ఇది ఇంకా కష్టమైన మసలా. ఇమామ్ గజాలీ (హిజ్రీ 505లో వఫాత్) అల్ ముస్తస్ఫాలో ఒక ఓడ గురించి రాశారు. ఓడ మునుగుతోంది. ఒకణ్ణి సముద్రంలోకి తోస్తే మిగతావాళ్ళు బతుకుతారు. తోయొచ్చా? కూడదు అన్నారాయన. చీటీలు వేసి ఎవరో ఒకర్ని తేల్చినా కూడదు, ఆ చీటీకి ఆధారం లేదు అని. యూనుస్ అలైహిస్సలామ్ కిస్సా తెలిసినవాళ్ళకి ఇక్కడ ఐతెరాజ్ వస్తుంది, అక్కడ చీటీలు వేశారు కదా అని. ఫకీహ్‌లు దాన్ని ఆ షరీఅత్‌కి సంబంధించిన మాటగా తీసుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు ముందు కాస్త ధైర్యం వచ్చింది. ఖాలూ ముక్కు దగ్గర్నుంచి గొట్టం తీయడం ఓడలోంచి మనిషిని తోయడం లాంటిదే కదా, నేను తోయలేదు కదా అనుకున్నాను. ఇంకోసారి చదివితే ఆ ధైర్యం పోయింది. ఖాలూ మునిగే మనిషి కాదు. ఆయన అప్పటికే ఒడ్డు చేరారు. ఒడ్డు చేరాక కూడా పంటు వదలకుండా పట్టుకు కూర్చోబెట్టింది మేము. అవతలి గట్టున ఒక మనిషి పంటు కోసం చూస్తున్నాడు.

కొరతలో మనిషిని ఎంచడం ఒక దారి. చరిత్రలో ఇంకో దారి కూడా ఉంది, దాన్ని చూపించింది మన పక్కనున్న మద్రాసు. క్షయకి మందు లేని రోజుల్లో శానిటోరియం పడకే దిక్కు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మొదలైన శానిటోరియం పేరు మన నానీల తరం వరకు అందరికీ తెలుసు. పడకలు వేలల్లో, రోగులు లక్షల్లో. స్ట్రెప్టోమైసిన్ వచ్చాక ఇంగ్లండ్‌కే అది చాల్లేదు. యుద్ధం తర్వాత డాలర్లు లేక కొంచెమే కొనగలిగారు. అందుకే అక్కడి మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 107 మంది రోగుల్ని సీలు వేసిన కవర్ల ద్వారా రెండు జట్లు చేసి 55 మందికి మందిచ్చింది, 52 మందికి మంచం పట్టి విశ్రాంతి మాత్రమే. ఆరు నెలల్లో మందు తీసుకున్నవాళ్ళలో నలుగురు, తీసుకోనివాళ్ళలో 14 మంది పోయారు. ఫలితం 1948లో అచ్చయింది. మందు అందరికీ లేదు గనక చీటీ వేయడం నాఇన్సాఫీ కాదన్నారు. నిజమే కావచ్చు. ఆ 52 మంది ఇళ్ళవాళ్ళు ఏమనుకున్నారో మాత్రం అచ్చు కాలేదు.

మద్రాసులో 1956లో మొదలైన క్షయ పరిశోధన కేంద్రంలో ప్రశ్ననే మార్చారు. పడక ఎవరికివ్వాలి అని కాదు, అసలు పడక అవసరమా అని. కొంతమందిని శానిటోరియంలో పెట్టి, కొంతమందికి వాళ్ళ ఇరుకు గుడిసెల్లోనే, గుర్బత్‌లోనే, మందులిచ్చి ఏడాది చూశారు. 1959లో చెప్పారు, ఇంటి దగ్గర వైద్యం కూడా దాదాపు అంతే బాగా పనిచేసింది, ఇంట్లోవాళ్ళకి అదనంగా అంటుకోలేదు అని. పడక కోసం క్యూలో ఉన్న లక్షల మందికి అది పెద్ద మాట. మన కోవిడ్‌లో ఇంటి దగ్గర కిట్లు, ఆశా కార్యకర్త వచ్చి వేలికి ఆక్సీమీటరు పెట్టడం అవన్నీ ఆ బాటలోవే. మా వీధి ఆశా ఆపా ఆ నెలలో ఎన్ని గడపలు ఎక్కిందో ఆమెకే తెలియదు.

అయినా ఆక్సిజన్ ట్యాంకర్ ఇంట్లో తయారు కాదు. 2021 మే 10, రంజాన్ 27. ఇఫ్తార్ అయిన కాసేపటికి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయింది. తమిళనాడు నుంచి రావలసిన ట్యాంకర్ ఆలస్యమైంది. అధికారిక లెక్కలో 11 మంది పోయారు. అక్కడ ఎవరూ ఎవర్నీ ఎంచలేదు. ఎంచే అవకాశమే లేకుండా పోయింది. ఆ రెండు రోజుల ముందే సుప్రీంకోర్టు రాష్ట్రాలకి ఆక్సిజన్ ఏ లెక్కన పంచాలో తేల్చడానికి 12 మందితో జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది.

అదే వారం తెలంగాణ సరిహద్దులో ఇంకో ఫైసలా జరిగింది. కర్నూలు నుంచి వెళ్ళే దారిలో పుల్లూరు టోల్‌గేట్ దగ్గర, ఇటు కృష్ణా జిల్లా వైపున, మన అంబులెన్సుల్ని ఆపేశారు. హైదరాబాద్ ఆసుపత్రిలో ముందే పడక ఖరారైన కాగితం ఉంటేనే రానిస్తామని మే 11న సర్క్యులర్ ఇచ్చారు. వాళ్ళ వాదన కూడా వినాలి. మా పడకలు మా జనానికే చాలడం లేదన్నారు. కానీ విభజన చట్టం ప్రకారం అప్పటికి హైదరాబాద్ పదేళ్ళ ఉమ్మడి రాజధాని. అయినా రాజధాని మాట ఎందుకు, అంబులెన్సులో ఊపిరాడని మనిషికి ఏ రాష్ట్రం? రోగులు ఆ రోడ్డు మీదే పోయారని పత్రికలు రాశాయి. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ సర్క్యులర్‌ని నిలిపేసింది. ఆ రోజు ఈద్. నేను నమాజ్ ఇంట్లో చదివి, టీవీలో అది చూశాను. కోపం వచ్చింది. అంబులెన్సు ఆపినవాళ్ళని గట్టిగా తిట్టాను. తిడుతుంటే మా బేగం నా వైపు చూసింది, ఏమీ అనలేదు. ఆమెకి ఖాలా ఇంటి సంగతి తెలుసు.

పుల్లూరు దగ్గర ఒక నియమం ఉంది, అది తప్పు నియమం. తప్పు నియమం కాగితం మీద ఉంటే కనీసం కోర్టు కొట్టేయగలదు. మా మస్జిద్‌లో నియమమే లేదు. లేనిదాన్ని ఎవరు కొట్టేస్తారు? నియమం లేని చోట ఫోన్ నంబరున్నవాడిదే ఫైసలా, ఆ ఫోన్ నాది. టీకాల్లోనూ ఇదే చూశాం. మే 1 నుంచి 18 నిండినవాళ్ళకి అన్నారు, కోవిన్‌లో ముందే బుక్ చేసుకోవాలన్నారు. కాగితం మీద అందరూ సమానమే. స్మార్ట్‌ఫోన్ ఉన్న కుర్రాడు వేళ్ళు ఆడించినంత వేగంగా దింపు కూలీ ఆడించలేడు. ఈ డిజిటల్ తేడాని సుప్రీంకోర్టు కూడా తప్పుపట్టింది. తర్వాత జూన్‌లో మన రాష్ట్రం అయిదేళ్ళలోపు పిల్లల తల్లులకి ముందు వేయాలని నిర్ణయించింది. పిల్లలకి జబ్బు చేస్తే పక్కన ఉండేది వాళ్ళే కదా అని. ఆ నియమం నాకు నచ్చింది. కారణం చెప్పారు, ముందే చెప్పారు, ఎవరి పేరూ చూడకుండా చెప్పారు.

ఆ దింపు మనిషి సంగతి. ఆ రాత్రి వాళ్ళు తెల్లవారేదాకా చూసి, ఆటోలో అమలాపురం, అక్కణ్ణుంచి అంబులెన్సులో కాకినాడ తీసుకెళ్ళారు. ఒక ఆసుపత్రి బయట చాలాసేపు ఎదురుచూశాక పడక దొరికింది. మూడు వారాల తర్వాత తిరిగొచ్చాడు. అల్‌హమ్దులిల్లా, బతికాడు. మిషను ఆ రాత్రి ఇచ్చుంటే తేడా ఉండేదా? డాక్టరుని అడిగాను. చెప్పలేం అన్నారు. ఆయన ఊపిరితిత్తులు మాత్రం పాతవి కావు. ముప్పై చెట్లు ఒక్క పూటలో దింపిన మనిషి ఇప్పుడు చెట్టు మొదట్లో కూర్చుని ఒలుపు చేస్తాడు. నాలుగు కాయలు ఒలిచి ఆగుతాడు. నేను కనబడితే "ఆయ్, బాయ్‌గారు, బావున్నారా" అని లేవబోతాడు. కూర్చోమంటాను.

ఈద్ తర్వాత కమిటీలో నేనే విషయం పెట్టాను. ఖాలా ఇంటి సంగతితో సహా చెప్పాను. షరంతో తల ఎత్తలేకపోయాను. ఇమామ్ సాబ్ చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఒక నోట్‌బుక్ తెమ్మన్నారు. ఆరు లైన్లు రాశాం. 94 కంటే తక్కువ చూపితేనే. ఆశా ఆపా కానీ నర్సు కానీ చూసి చెప్పాలి, కమిటీ మనిషి కాదు. ఇద్దరికి ఒకేసారి అవసరమైతే తక్కువ ఉన్నవాళ్ళకి ముందు, సమానమైతే చీటీ. మిషను తీసేసి 94 పైన ఒక పగలూ ఒక రాత్రీ నిలిస్తే తిరిగి ఇవ్వాలి, ఇవ్వకపోతే ఇద్దరు వెళ్ళి తెస్తారు. కమిటీ సభ్యుల ఇళ్ళకి అవసరమైతే ఫైసలా పక్క మస్జిద్ వాళ్ళు చేస్తారు. ఆరోది, ఈ పేజీ నకలు మస్జిద్ గేటుకి బయట, తెలుగులో అంటించాలి. అయిదో లైను దగ్గర గొడవయింది. సదర్ సాబ్ మన ఇజ్జత్ ఏం కావాలన్నారు. ఇమామ్ సాబ్ పెన్ను ఆయన చేతిలోనే పెట్టి ఆ లైను ఆయనతోనే రాయించారు.

ఆ నోట్‌బుక్ మిషను పక్కనే ఉంది. మొదటి పేజీలో రాసిన మొదటి పేరు మా ఖాలూది, తారీఖులు కూడా వేశాను. ఇచ్చిన రోజు, తిరిగి ఇవ్వాల్సిన రోజు, తిరిగి వచ్చిన రోజు. ఆ పక్కన ఒక గడి ఖాళీగా ఉంచాను, అడిగి దొరకనివాళ్ళ పేరు రాయడానికి. అందులో ఆయన పేరు రాశాను. ఆయన కూతురు ఇప్పుడు అమలాపురంలో డిగ్రీ చదువుతోంది. నేను రాసేవన్నీ ఫోన్లో చదువుతుందని మొన్న వాళ్ళమ్మ చెప్పింది. ఇది కూడా చదువుతుంది. వచ్చే జుమ్మా అయ్యాక వాళ్ళింటికి వెళ్తున్నాను.